బీటెక్‌లో ఇంటర్న్‌షిప్ ఎలా వెతుక్కోవాలి, ఇంటర్వ్యూకి ఎలా రెడీ అవ్వాలి

జూనియర్లు ఎక్కువగా అడిగేది ఒకటే, అన్నా ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ ఉంటే చెప్పవా అని. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఈ మెసేజ్‌లు మరీ ఎక్కువైపోతాయి, ఎందుకంటే అప్పటికి కాలేజీ నోటీసు బోర్డులో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ సబ్మిట్ చెయ్యమని పెట్టేస్తారు. ఐఐటీ, ఎన్ఐటీ వాళ్ళ సంగతి వేరు, కంపెనీలే క్యాంపస్‌కి వస్తాయి, సీనియర్లు ముందే దారి చూపిస్తారు. నేను రాసేది నరసరావుపేట, ఖమ్మం, కరీంనగర్, కడప ఇలాంటి చోట్ల జేఎన్‌టీయూ అఫిలియేటెడ్ కాలేజీల్లో చదువుతూ, ఇంట్లో ఇంజనీర్లెవరూ లేక, ఎవర్ని అడగాలో తెలీనివాళ్ళ కోసం.

ముందు అసలు విషయం చెప్పేస్తా. మీ చేత్తో మీరు చేసిన పని ఒక్కటి ఉండాలి, దాన్ని పైనుంచి కిందదాకా ఎవరు ఎక్కడ ఆపి అడిగినా చెప్పగలగాలి. ఇంటర్న్‌షిప్ ఇప్పించేదీ అదే, తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేదీ అదే. పది సర్టిఫికెట్లున్న రెజ్యూమె కన్నా ఇలాంటి పని ఒక్కటి ఉన్న రెజ్యూమెనే నేను ముందు పిలుస్తా, నాతోపాటు ఇంటర్వ్యూలు చేసేవాళ్ళలో చాలామందిదీ ఇదే లెక్క.

సర్టిఫికెట్ ఇంటర్న్‌షిప్‌ల సంగతి

జేఎన్‌టీయూ కాకినాడ ఆర్20 రెగ్యులేషన్‌లో రెండో సంవత్సరం తర్వాత ఒకటి, మూడో సంవత్సరం తర్వాత ఒకటి సమ్మర్ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఏపీలో డిగ్రీ వాళ్ళకైతే మూడేళ్ళ మీద మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, అందులో మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఒకటి. ఆలోచన మంచిదే కానీ లక్షలమంది పిల్లలకి ఒకేసారి నిజమైన పని దొరకదు కదా, ఆ ఖాళీలోకి సర్టిఫికెట్లు అమ్ముకునేవాళ్ళు దూరిపోయారు. పదిహేను వందలు కట్టు, నాలుగు వీడియోలు చూడు, క్విజ్ రాయి, గోల్డ్ సీల్ ఉన్న పీడీఎఫ్ మెయిల్‌కి వస్తుంది.

క్రెడిట్లు కావాలి కాబట్టి కాలేజీ చెప్పిన వర్చువల్ ఇంటర్న్‌షిప్ చేసెయ్యండి, అందులో తప్పేం లేదు, ఫ్రీగా వచ్చేవి కొన్ని నిజంగానే బాగుంటాయి కూడా. కానీ దాన్ని రెజ్యూమెలో ఎక్స్‌పీరియన్స్ కింద రాయొద్దు, ట్రైనింగ్ అనో కోర్సు అనో రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఆ పేర్లన్నీ తెలుసు, అక్కడ ఇంటర్న్‌గా చేశాను అని రాస్తే మీ టీమ్‌లో ఎంతమంది, మీ కోడ్ ఎవరు చూసేవాళ్ళు అని అడుగుతారు, అక్కడ నీళ్ళు నమిలితే మిగతా రెజ్యూమె మొత్తం మీద నమ్మకం పోద్ది.

డబ్బులడిగే ప్రైవేటు ఇంటర్న్‌షిప్ ఏదైనా సరే వదిలెయ్యండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ, పేరేదైనా ఒకటే. నిజంగా పని చేయించుకునే ప్రైవేటు కంపెనీ మీకు తక్కువ ఇస్తుందేమో, ఒక్కోసారి అస్సలు ఇవ్వకపోవచ్చు, అంతేగానీ మీ దగ్గర తీసుకోదు. కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రిజిస్టర్ అయిందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోద్ది. ఆఫర్ జీమెయిల్ అడ్రస్ నుంచి వచ్చినా, ఇంటర్వ్యూ లేకుండానే సెలెక్ట్ అయ్యారన్నా ఆగి ఆలోచించండి. ఇక బ్యాక్‌డోర్ జాబ్ అని రెండు మూడు లక్షలు అడిగే కన్సల్టెన్సీలు హైదరాబాద్‌లో ఉన్నాయి, కొన్నాళ్ళు ఆఫీసులో కూర్చోబెట్టి ఒకరోజు బోర్డు తిప్పేస్తారు. పొలం తాకట్టు పెట్టి కట్టిన కుటుంబాలు ఉన్నాయి, దయచేసి ఇంట్లోవాళ్ళకి కూడా ఈ విషయం ముందే చెప్పి ఉంచండి. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు, ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

మరి నిజమైనవి ఎక్కడ దొరుకుతాయి

ఇంటర్న్‌షాలా, లింక్డ్‌ఇన్, ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ మీకు తెలిసే ఉంటాయి. వీటిలో పోస్టింగ్ పడిన మొదటి ఒకటి రెండు రోజుల్లో అప్లై చెయ్యడం ముఖ్యం, వారం తర్వాత చేస్తే అప్పటికే వందల అప్లికేషన్లు వచ్చేసి ఉంటాయి, మీది తెరిచి కూడా చూడరు. మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి అనే బాక్సులో అందరూ ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్ అని రాస్తారు, మీరు మీ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు, లింకు పెట్టండి చాలు.

రీసెర్చ్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు క్యాలెండర్ చూసుకోవాలి, ఎండాకాలం పనికి చలికాలంలో అప్లై చెయ్యాలి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ రెండు నెలలు ఉంటుంది, దానికి అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు. ఐఐటీల సమ్మర్ ప్రోగ్రాములకి సుమారుగా జనవరి నుంచి మార్చి మధ్యలో నోటిఫికేషన్లు వస్తాయి. ఓపెన్ సోర్స్ వైపు వెళ్ళేవాళ్ళకి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది, 2005 నుంచి నడుస్తోంది, కాలేజీ పేరు అసలు అడగరు, మీరు రాసే ప్రపోజల్, అంతకుముందు ఆ ప్రాజెక్టులో చేసిన చిన్న చిన్న పనులు ఇవే చూస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ప్రపోజల్ వెయ్యాలంటే డిసెంబర్ నుంచే ఆ ప్రాజెక్టు వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి.

కోర్ బ్రాంచీల వాళ్ళని ఎవరూ పట్టించుకోరు అనుకుంటారు గానీ మన దగ్గర ఉన్నన్ని సంస్థలు చాలా రాష్ట్రాల్లో లేవు. హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ లాంటి రక్షణ ల్యాబులు, ఈసీఐఎల్, బీడీఎల్, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఇస్రో వాళ్ళ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, విశాఖలో స్టీల్ ప్లాంట్, నేవీ పరిశోధనల ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్, షిప్‌యార్డ్, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్. ఇలాంటి చోట్లకి మామూలుగా మీరు నేరుగా అప్లై చేస్తే సరిపోదు, ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్ హెడ్ మీద రిక్వెస్ట్ వెళ్ళాలి, అక్కడి హెచ్‌ఆర్ లేదా ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి జవాబు రావాలి, రక్షణ ల్యాబులైతే వెరిఫికేషన్ కూడా ఉంటుంది. నెలలు పట్టొచ్చు. అందుకే హెచ్‌ఓడీ సార్ దగ్గరికి సెమిస్టర్ మొదట్లోనే వెళ్ళి లెటర్ తయారుచేయించుకోండి, మీరే డ్రాఫ్ట్ టైప్ చేసి తీసుకెళ్తే పని ఇంకా తొందరగా అవుద్ది. వెళ్ళాక కూడా ఊరికే తిరిగి చూసి రావొద్దు, ఒక్క మెషీన్ పట్టుకుని అది ఏ కారణాలకి ఆగిపోతుంది, మెయింటెనెన్స్ షెడ్యూల్ ఏంటి, ఆగితే ఎంత నష్టం అని అక్కడి టెక్నీషియన్‌ని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడ్డానికి అదొక్కటే సరిపోద్ది.

పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ గురించి చాలామంది అడుగుతారు. 2024 అక్టోబర్‌లో మొదలైనప్పుడు పెట్టిన రూల్స్ ప్రకారం అది 21 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి, నెలకి 5,000 రూపాయలు, ఏడాదిపాటు. కానీ అప్పుడు రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతున్నవాళ్ళకి అవకాశం ఇవ్వలేదు, ఐఐటీ లాంటి చోట చదివినవాళ్ళని కూడా తీసుకోలేదు. కాబట్టి చదువుతుండగా దాని కోసం టైమ్ పెట్టేముందు ఇప్పటి రూల్స్ ఏంటో చూసుకోండి. పాసైపోయినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌లు కూడా ఉంటాయి, అవి చూడండి.

నేరుగా మెయిల్ పెట్టడం

నా లెక్కలో టైర్ 3, అంటే పెద్దగా పేరు లేని కాలేజీల పిల్లలకి బాగా పనిచేసే దారి ఇదే, చేసేవాళ్ళు మాత్రం తక్కువ. పది నుంచి యాభై మంది పనిచేసే చిన్న కంపెనీలు ఎంచుకోండి, హైదరాబాద్‌లో టీ-హబ్ చుట్టుపక్కల స్టార్టప్‌లు, విజయవాడ, విశాఖలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీలు. అక్కడ హెచ్‌ఆర్ పెద్దగా ఉండరు, ఫౌండరో టెక్ లీడో స్వయంగా మెయిల్ చదువుతారు.

మెయిల్‌లో ఐదారు వాక్యాలు చాలు. మొదటి వాక్యం మీరెవరు, ఏ సంవత్సరం, ఏ బ్రాంచి. రెండోది వాళ్ళ ప్రోడక్ట్ మీరు నిజంగా వాడి చూశాక గమనించినది, ఉదాహరణకి మీ యాప్‌లో బిల్లు డౌన్‌లోడ్ చేస్తే తెలుగులో పెట్టిన పేర్లు డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి అని. మూడోది దానికి సంబంధించి మీరు చేయగలిగింది, నేను ఇలాంటి ఫాంట్ సమస్య మా ప్రాజెక్టులో సరిచేశాను, ఇదిగో లింకు అని. నాలుగోది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటారు. చివరగా పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా అని. అంతే. రెస్పెక్టెడ్ సార్, విత్ డ్యూ రెస్పెక్ట్ అని లీవ్ లెటర్ స్టైల్‌లో మొదలుపెట్టి పేజీ నింపొద్దు, ఒకే మెయిల్‌ని అందర్నీ సీసీలో పెట్టి పంపొద్దు. వారం ఆగి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచెయ్యండి, అప్పటికీ రాకపోతే ఇంకొకళ్ళకి రాయండి. ఎక్కువమంది జవాబివ్వరు, అది మామూలే, మీలో లోపం కాదు.

ఆ ఒక్క పని ఎలా ఉండాలి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అనగానే రెడీమేడ్‌గా కొనుక్కొచ్చే షాపులు అందరికీ తెలుసు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్, యాక్యురసీ 98 శాతం అని ఉంటుంది. ఎంతమంది ఫోటోలతో టెస్ట్ చేశారు అంటే జవాబుండదు, కవల పిల్లలుంటే ఏమవుద్ది అంటే నవ్వుతారు, ఆ 98 ఎలా లెక్కేశారు అంటే మా టీమ్‌మేట్ చేశాడు సార్ అంటారు. ఐదు నిమిషాల్లో అయిపోద్ది ఇంటర్వ్యూ.

దానికి ఎదురుగా ఇంకో అబ్బాయి గుర్తొస్తాడు, పల్నాడు వైపు చిన్న కాలేజీ, ఇంగ్లీష్ అంతంతమాత్రం. వాళ్ళ మామయ్య ఎరువుల షాపుకి స్టాకు, అప్పు ఖాతా చూసుకునే చిన్న వెబ్ అప్లికేషన్ చేశాడు, చూడ్డానికి ఏమంత అందంగా లేదు. నేను అడిగా, రైతు రెండు బస్తాలు వాపస్ తెస్తే మీ దాంట్లో స్టాకు ఎలా మారుద్ది అని. ఆ అబ్బాయి, మొదట స్టాక్ కాలమ్‌లో నంబర్ పెంచేసేవాణ్ణి సార్, కొన్నాళ్ళకి మామయ్య గోడౌన్‌లో లెక్క తేలట్లేదన్నాడు, నంబర్ ఎప్పుడు, ఎందుకు మారిందో తెలిసే దారి లేదు, అందుకని కాలమ్ తీసేసి ప్రతి కదలికకీ ఒక వరుస రాసేలా మార్చాను, అమ్మితే మైనస్, కొంటే, వాపస్ వస్తే ప్లస్, వాటన్నిటి కూడికే స్టాకు అన్నాడు. మరి బిల్లులు బాగా పెరిగితే ప్రతిసారీ అంతా కూడాలంటే లేటవదా అన్నా. అవుద్ది సార్, రోజు చివర్లో క్లోజింగ్ స్టాకు రాసిపెట్టుకుని అక్కడ్నుంచి కూడితే సరిపోద్ది, కానీ మాకు ఖరీఫ్ సీజన్‌లో కూడా రోజుకి వంద బిల్లులు దాటలేదు కాబట్టి ఇంకా చెయ్యలేదు అన్నాడు. పాఠం చదివి చెప్పే జవాబు కాదది, సమస్య చూశాడు, ఎందుకొచ్చిందో కనిపెట్టాడు, మార్చాడు, ఏది ఎందుకు చెయ్యలేదో కూడా చెప్పాడు. ఇంగ్లీష్‌లో తడబడిన చోట తెలుగులో చెప్పమన్నాను, సెలెక్ట్ అయ్యాడు.

కాబట్టి ఎవరో ఒకరు నిజంగా వాడేది చెయ్యండి. హాస్టల్ మెస్ బిల్లు పంచే లెక్క, మీ ఊరి పాల కేంద్రంలో ఫ్యాట్ శాతం బట్టి రేటు కట్టే షీటు, డిపార్ట్‌మెంట్ లైబ్రరీ రిజిస్టర్, ఏదైనా. వాడేవాళ్ళు తిడతారు, మారుస్తారు, ఆ తిట్లలోంచే మీకు ఇంటర్వ్యూలో చెప్పడానికి విషయం వస్తుంది. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి, ఎలా రన్ చెయ్యాలో రీడ్‌మీలో రాయండి, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో మీరు పక్కన లేకుండా అది నడుస్తుందో లేదో చూసుకోండి. చాట్‌జీపీటీ వాడారా అంటే వాడానని చెప్పండి, అందరూ వాడుతున్నారు, కానీ ఏ లైను ఎందుకుందో మీకు తెలియాలి, ఎందుకంటే ఇప్పుడు స్క్రీన్ షేర్ చేయించి ఈ ఫంక్షన్ కొంచెం మార్చి చూపించు అంటున్నారు.

రెజ్యూమె ఒక్క పేజీ. ఫోటో, తండ్రి పేరు, మతం, ఆబ్జెక్టివ్ పేరా ఇవేవీ అక్కర్లేదు. తెలిసిన లాంగ్వేజీలే రాయండి, ఫస్టియర్‌లో ఒక ల్యాబ్ చేసిన సీ ప్లస్ ప్లస్ కూడా రాసేస్తే ప్రశ్న దాంట్లోంచే వస్తుంది.

ఇంటర్వ్యూ ప్రిపరేషన్

టీసీఎస్, ఇన్ఫోసిస్, కాగ్నిజెంట్ లాంటి పెద్ద కంపెనీల్లో ముందు ఆన్‌లైన్ టెస్ట్, ఆప్టిట్యూడ్, రీజనింగ్, వెర్బల్, కోడింగ్. చాలామంది రాలిపోయేది ఇక్కడే, కారణం తెలివి కాదు టైమ్. పర్సంటేజీలు, టైమ్ అండ్ వర్క్, నిష్పత్తులు ఇవన్నీ హైస్కూల్ లెక్కలే, కానీ నిమిషానికో లెక్క చెయ్యాలి. ఆరు నెలల ముందు నుంచి రోజూ అరగంట టైమర్ పెట్టుకుని చేస్తే సరిపోద్ది, చివరి వారంలో రాత్రంతా కూర్చుంటే రాదు.

టెక్నికల్ రౌండ్‌లో సీఎస్ఈ వాళ్ళని అడిగేవి మళ్ళీ మళ్ళీ అవే తిరుగుతుంటాయి. ఇన్నర్ జాయిన్‌కీ లెఫ్ట్ జాయిన్‌కీ తేడా, వేర్‌కీ హ్యావింగ్‌కీ తేడా, రెండో అత్యధిక జీతం తీసే క్వెరీ, ప్రైమరీ కీ, ఓవర్‌లోడింగ్, ఓవర్‌రైడింగ్, లింక్డ్ లిస్ట్ తిప్పి రాయడం, అరేలో డూప్లికేట్లు, ప్రాసెస్‌కీ థ్రెడ్‌కీ తేడా. డెఫినిషన్ బట్టీ కొట్టకుండా ప్రతిదానికీ మీ ప్రాజెక్టులోంచే ఉదాహరణ తయారుచేసుకోండి, లెఫ్ట్ జాయిన్ అనగానే ఒక్క బిల్లు కూడా లేని రైతుల లిస్టు తీయడానికి వాడాను అంటే ఇక ఎదుటివాళ్ళు డెఫినిషన్ అడగరు. ఈసీఈ వాళ్ళు చిప్ డిజైన్ వైపు వెళ్తే లాచ్, ఫ్లిప్‌ఫ్లాప్, సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ దగ్గర దొరికిపోకూడదు, మెకానికల్ వాళ్ళు షియర్ ఫోర్స్, బెండింగ్ మొమెంట్ డయాగ్రామ్ పేపర్ మీద గీయగలగాలి, ఒట్టో సైకిల్, డీజిల్ సైకిల్ వచ్చి ఉండాలి. కోడింగ్ ప్రశ్న ఇస్తే వెంటనే కీబోర్డ్ మీద పడొద్దు. ఇన్‌పుట్ ఖాళీగా రావొచ్చా, నెగటివ్ నంబర్లు ఉంటాయా అని అడగండి, ముందు మామూలు పద్ధతి చెప్పండి, తర్వాత ఫాస్ట్ చెయ్యండి, ఆలోచించేది పైకి మాట్లాడుతూ చెయ్యండి. తెలీకపోతే తెలీదు సార్, నా ఊహ మాత్రం ఇది అని చెప్పడం కథలల్లడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఇంగ్లీష్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తెలుగు మీడియం పిల్లలు టెక్నికల్‌గా వచ్చి కూడా ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి యాక్సెంట్ అక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు. మనం తెలుగులో పెద్ద వాక్యం అనుకుని దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చబోతే మధ్యలో ఇరుక్కుపోతాం, అదే ఐ బిల్ట్ దిస్, ఇట్ హ్యాడ్ ఎ ప్రాబ్లమ్, ఐ ఫిక్స్‌డ్ ఇట్ లైక్ దిస్ అని ముక్కలు ముక్కలుగా చెప్తే ఎవరికైనా అర్థమవుద్ది. మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, మొదటిసారి వినబుద్ధి కాదు, అయినా రోజూ చెయ్యండి, నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది. హాస్టల్లో రూమ్‌మేట్‌తో మాక్ ఇంటర్వ్యూ పెట్టుకోండి, వాడు నవ్వకుండా అడగాలి, మీరు చొక్కా వేసుకుని కూర్చుని చెప్పాలి, ఊరికే మంచం మీద పడుకుని చెప్తే ప్రాక్టీసు కాదు.

టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటే మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్ అని మొదలెట్టొద్దు. వాళ్ళ గురించి గర్వపడాల్సిందే కానీ ఆ ప్రశ్న మీ పని గురించి. ఏం చదువుతున్నారు, ఏం తయారుచేశారు, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి, ఒక నిమిషంలో. బ్యాక్‌లాగ్స్, గ్యాప్ ఉంటే అడిగినప్పుడు సూటిగా ఒప్పుకోండి, ఏ సబ్జెక్టు, ఎప్పుడు క్లియర్ చేశారు అంతే చాలు, వంకలు చెప్పొద్దు. మీరేమైనా అడుగుతారా అంటే నో సార్ అనొద్దు, చేరిన మొదటి మూడు నెలలు ఏం పనిస్తారు అని అడగండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే నెట్ సంగతి ముందురోజే చూసుకోండి, కరెంటు పోయినా ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా ఉండాలి. పక్కన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టడం, రెండో స్క్రీన్‌లో జవాబులు చూడడం అస్సలు వద్దు, కళ్ళు పక్కకి పోవడం అవతలివాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది, కొన్ని కంపెనీలు అలా దొరికినవాళ్ళని మళ్ళీ పిలవవు. బయటికొచ్చిన వెంటనే అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి, తెలీనివి ఆ రాత్రే నేర్చుకోండి, తర్వాత కంపెనీలో సగం అవే వస్తాయి.

ఆఫర్ వచ్చాక

లెటర్ మొత్తం చదవండి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు వేరు, నెలకి చేతికొచ్చేది వేరు, సీటీసీలో పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ కలిపేస్తారు. బాండ్ ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర పెట్టమంటే ఒప్పుకోవద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్స్‌లు ఇవ్వండి.

ఇంకొకటి, మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తంటా. ఎస్‌ఎస్‌సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు, అప్పుడు జాయినింగ్ డేట్ ముందు పరుగులు పెట్టాల్సొస్తుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి ఎస్‌ఎస్‌సీ మెమో దగ్గర పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసి మార్పించుకోండి, అది అయ్యాకే పాన్, ఆ తర్వాత బ్యాంకు. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్ళు ఈ సెలవుల్లోనే కానిచ్చెయ్యండి, పేరు మార్పు పూర్తవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది.